ఊగే కుర్చీకి ఉచిత సలహాలు

ముందుగా, "ఎందుకు?" అని అడిగేవాళ్లని గదిలోంచి బయటికి పంపించెయ్యండి. వాళ్లుంటే పని సాగదు. బెజవాడ బెంజ్ సర్కిల్ పక్కన మూడో అంతస్తులో కాపురం. కిటికీ తెరిస్తే పైన ఫ్లైఓవరు మీద చెన్నై, కోల్‌కతా లారీలు, దాని కింద బందరు రోడ్డు మీద కంకిపాడు ఆటోలు. అంత నిజం ట్రాఫిక్కుని ఎదురుగా పెట్టుకుని, కర్టెన్లు దించేసి కంప్యూటర్లో లారీ నడపడమేంటండీ అని మీ ఆవిడ అడిగి తీరుతుంది. జవాబు తయారుగా ఉంచుకోండి. నిజం లారీ నడిపేవాడికి జీతమిస్తారు. మనం ఎదురు డబ్బు పెట్టి నడుపుతున్నాం. అంచేత వాడిది ఉద్యోగం, మనది కళ.

స్టీరింగూ, పెడళ్లూ, పెద్ద తెరా మీకు ఇప్పటికే ఉన్నాయనుకుంటాను. లేనిదల్లా కుదుపు. బ్రేకు నొక్కితే ఒళ్లు ముందుకి తూలదు, మలుపు తిరిగితే పక్కకి ఒరగదు. ఒక కారు సీటు తెచ్చి, దాన్ని నడుమ కీలు మీద నిలబెట్టి, వెనకాల రెండు మోటార్లు బిగించి, ఆట పంపే అంకెల్ని ఒక మైక్రోకంట్రోలరు బోర్డు చదువుకుని ఆ మోటార్లని తిప్పేటట్టు చేస్తే ఆ లోటు తీరుతుంది. మోటార్లు రెండూ ఒకే వైపు లాగితే సీటు ముందుకో వెనక్కో వాలుతుంది. ఒకటి లాగి ఒకటి తోస్తే పక్కకి ఒరుగుతుంది. ఇంతే విద్య. మిగతాదంతా నా సలహాల మీద నడుస్తుంది. నా సిద్ధాంతం ఒక్కటే: కుదుపు ఎంత గట్టిదైతే నిజం అంత గట్టిది.

ఆట దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. 2012లో వచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 పెట్టుకుంటారు. లారీ ఎంత ఒరిగింది, ఎంత వేగం పుంజుకుంది, క్యాబిన్ ఎటు ఊగింది అన్న లెక్కలన్నీ ఆ ఆట బయటి ప్రోగ్రాములకి అందిస్తుంది కాబట్టిట. మీరు మాత్రం ఫోన్లో బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా పెట్టుకోండి. మన కుర్రాళ్లు అందులో బస్సుకి ఆర్టీసీ రంగులు కూడా వేసుకున్నారు, ఇంటి వాతావరణం ఉంటుంది. ఫోన్లోంచి లెక్కలు సీటుకి ఎలా వస్తాయంటారా? మేనల్లుడున్నాడుగా. సీటు వెనకాల నిలబెట్టి, తెర చూసుకుంటూ ఊపమనండి. కరెంటు కూడా ఆదా.

ఆటోనగర్‌లో బేరం

మేనల్లుడు ఒప్పుకోకపోతేనే మోటార్ల దాకా వెళ్లండి. ఆటోనగర్ మనకి కూతవేటు దూరం. లారీకి జాతకర్మ నుంచి అంత్యక్రియల దాకా అన్నీ అక్కడే జరుగుతాయి. ఛాసిస్ వచ్చి బాడీ కట్టించుకునేదీ అక్కడే, ముసలిదయ్యాక ముక్కలుగా విప్పించుకునేదీ అక్కడే. మనకి కావలసినవి వైపర్ మోటార్లు. ఇంట్లో సీట్లు ఊపుకునేవాళ్లు ఏ దేశంలోనైనా చాలామంది వీటితోనే మొదలుపెడతారు. చవక, మొండివి, పైగా లోపల వార్మ్ గేరు ఉంటుంది కాబట్టి వేగం తగ్గించి బలం పెంచుకుని బయటికొస్తాయి.

జతగా కొనకండి. జత కావాలని తెలిస్తే కొట్టువాడు ధర బిగిస్తాడు. ఒక కొట్లో లారీది, 24 వోల్టులది తీసుకోండి. ఇంకో కొట్లో కారుది, 12 వోల్టులది తీసుకోండి. ఒకటి చురుగ్గా తిరుగుతుంది, ఇంకోటి నెమ్మదిగా తిరుగుతుంది, దాంతో సీటు ఎప్పుడూ ఒక వైపుకే మొగ్గుతుంది. ఎలైన్‌మెంటు తప్పిన నిజం బండి మాత్రం ఒక పక్కకి లాగదూ? "ఏ బండికి సార్?" అని కొట్టువాడు అడుగుతాడు. "కుర్చీకి" అని చెప్పండి. ధర పెరుగుతుంది, మర్యాదా పెరుగుతుంది.

కొనేముందు మూత విప్పి చూడమని తెలిసినవాళ్లు చెప్తారు. విప్పితే ఏం కనిపిస్తుంది? ఉక్కు వార్మ్‌కి ఆనుకుని తెల్లటి నైలాన్ పళ్లచక్రం, పళ్ల సందుల్లో ఎండి నల్లబడి గట్టిపడిన గ్రీజు, ఒక మూల బ్రష్షుల నుంచి రాలిన నల్ల పొడి. ఇరుసు పట్టుకుని వేళ్లతో అటూ ఇటూ తిప్పితే, పళ్లు అరిగిన మోటారులో లోపలి వార్మ్ కదలకుండానే ఇరుసు కాస్త కదులుతుంది. ఆ కాస్తే రేపు సీటు దిశ మార్చుకున్న ప్రతిసారీ నడుం కింద "టక్కు"మంటుంది. అందుకే విప్పవద్దంటున్నాను. తెలియనిదాని గురించి బెంగ ఉండదు.

ఇంకో విశేషముంది, ఇది అసలైన హస్తకళాకారులకే తెలుస్తుంది. చాలా వైపర్ మోటార్లకి నెగటివ్ తీగ విడిగా రాదు, మోటారు బాడీకే కలిపేసి ఉంటుంది. బండిలో ఆ మోటారు ఎప్పుడూ ఒకే దిక్కుకి తిరుగుతుంది, బాడీయే ఎర్తు, కాబట్టి గొడవ లేదు. మన సీటుకి మోటారు రెండు దిక్కులా తిరగాలి. అంటే ప్లస్సూ మైనస్సూ క్షణానికోసారి తారుమారవ్వాలి. రెండు మోటార్లూ ఒకే ఇనప చట్రానికి బిగించి ఉండగా ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరిగాయంటే (మొట్టమొదటి మలుపులోనే అది జరుగుతుంది) ఒకదాని ప్లస్సు, రెండోదాని మైనస్సు చట్రంలో కలుసుకుంటాయి. అందుకని లోపల ఆ కలయికని తెంపి, వేరే తీగ బయటికి లాగి, బాడీకీ చట్రానికీ మధ్య రబ్బరు వెయ్యమంటారు. భయస్తుల పని. నేరుగా ఇనుముకే బిగించెయ్యండి. వెలుగు చూస్తారు.

ఆర్మ్ సంగతి, టైరు సంగతి

మోటారు ఇరుసుకి బిగించే ఇనప పట్టీ (అదే ఆర్మ్) నాలుగైదు సెంటీమీటర్లు చాలంటారు. లెక్క ఇదీ: 75 కిలోల మనిషి బరువంతా 5 సెంటీమీటర్ల ఆర్మ్ చివర పడితే ఇరుసు మీద దాదాపు 37 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. అద్దం తుడవడానికి పుట్టిన మోటారుకి అది తలకు మించిన భారం. అందుకని కీలుని మనిషి గరిమనాభికి వీలైనంత దగ్గరగా పెడతారు. బరువు కీలు మోస్తుంది, మోటార్లు ఊరికే నెట్టితే సరిపోతుంది. ఈ తెలివితేటలు మనకొద్దు. ఆర్మ్ 15 సెంటీమీటర్లు పెట్టండి, ఊపు మూడింతలొస్తుంది. మెలి కూడా మూడింతలై 110 దాటుతుంది, అప్పుడు మోటారు తిరగదు, మూలుగుతుంది. తిరగలేక నిలబడ్డ మోటారు తిరిగే మోటారు కంటే ఎన్నో రెట్లు కరెంటు తాగి ఆ మొత్తాన్నీ వేడి చేస్తుంది. వాసన వచ్చేదాకా అలాగే ఉంచండి, ఆ వాసన వచ్చిందంటే మోటారు శక్తివంచన లేకుండా పని చేసిందని అర్థం.

ఎత్తు గురించి కూడా చెప్పాలి. కీలు పైన రెండడుగుల స్టాండు వేసి దాని మీద సీటు పెట్టండి. లారీ క్యాబిన్ ఎత్తుగా ఉంటుంది కదా, అదే హోదా ఇక్కడా ఉండాలి. గరిమనాభి కీలుకి దూరమైనకొద్దీ, సీటు పది డిగ్రీలు వాలగానే మనిషి బరువే సీటుని ఇంకా వాల్చడానికి చూస్తుంది. మోటారు ఆపలేకపోతే గోడ ఆపుతుంది. గోడ ఉన్న వైపే వాలేటట్టు చూసుకోండి.

ఈ చట్రం విషయంలో ఎవరి మాట వినాలో చరిత్రే చెప్తోంది. పెద్ద పెద్ద విమాన సిమ్యులేటర్లు నిలబడే ఆరుకాళ్ల పీట ఉంది చూశారూ, అది పైలట్ల కోసం పుట్టింది కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర డన్‌లప్ కంపెనీ ఇంజనీరు ఎరిక్ గాఫ్ టైర్లని పరీక్షించడానికి కట్టాడు. విమానం దిగేటప్పుడు టైరు మీద బరువు నిలువుగానూ, పక్కగానూ, మెలిపడుతూ ఒకేసారి ఎలా పడుతుందో చూడాలి ఆయనకి. ఆ యంత్రం 1954లో పని మొదలుపెట్టింది. 1965లో స్టూవర్ట్ అనే ఆయన ఆరు రకాలుగా కదిలే పీట గురించి, విమాన శిక్షణకి వాడుకోమంటూ ఒక పత్రం రాశాడు. అమెరికాలో క్లాస్ కాపెల్ తన దారిన తను అదే ఆలోచన చేసి 1967లో పేటెంటు తెచ్చుకున్నాడు. లోకం ఇప్పటికీ దాన్ని స్టూవర్ట్ ప్లాట్‌ఫాం అనే ఎక్కువగా అంటుంది. కట్టినవాడు ఒకడు, పేరు ఇంకొకడిది. బెజవాడలో అపార్టుమెంట్లు కట్టే మేస్త్రీలకి ఇది కొత్త సంగతేం కాదు. దీన్నిబట్టి మనకి తేలేదేమిటి? సిమ్యులేటరు మూలం టైరు. కాబట్టి చట్రం కొలతల విషయంలో పంక్చర్ షాపు ఆయన మాటే తుదిమాట.

అంతకు ముందు 1929లో ఎడ్విన్ లింక్ అనే ఆయన విమానం బొమ్మ ఒకటి చేశాడు. ఆయన తండ్రికి న్యూయార్క్ రాష్ట్రంలో, బింగ్‌హామ్‌టన్‌లో ఆర్గన్లూ పియానోలూ తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గన్‌లోకి గాలి ఊదే తిత్తులే ఆ బొమ్మకి కాళ్లయ్యాయి. మొదట్లో దాన్ని కొన్నది ఎవరనుకున్నారు? వినోదాల పార్కులవాళ్లు. 1934లో ఉత్తరాలు మోసే పని నెత్తినేసుకున్న సైనిక పైలట్లు, మబ్బుల్లో దారి తెలియక వరసగా కూలిపోయాకే అమెరికా సైన్యం కళ్లు తెరిచి ఆరు బొమ్మలు కొంది. మీ ఇంట్లో తాతగారి హార్మోనియం ఉంటే తిత్తి కోసి చూడండి. అమ్మమ్మగారు భజనకి వెళ్లిన సాయంత్రం అయితే మేలు.

బోర్డు, తీగలు, రోహిణి కార్తె

బోర్డుకి ఆర్డుయినో చాలు. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే చిన్న ఊళ్లో విద్యార్థుల కోసం తయారైంది. అక్కడివాళ్లు కూర్చునే బారు పేరు దానికి పెట్టారు. ఆ బారుకేమో 1002లో పట్టం కట్టుకున్న ఆర్డుయిన్ అనే రాజు పేరు. రాజుగారి పేరున్న బోర్డు కాబట్టి దానికి సహాయకులు అక్కర్లేదు. మోటారు తీగల్ని నేరుగా దాని పిన్నులకే గుచ్చండి. ఒక పిన్ను హాయిగా ఇవ్వగలిగింది 20 మిల్లీఆంపియర్లు, బిగుసుకున్న మోటారు అడిగేది 20 ఆంపియర్లు దాకా. తేడా వెయ్యి రెట్లే.

మధ్యలో హెచ్ బ్రిడ్జి అనే డ్రైవరు బోర్డు పెట్టాల్సిందేనని పట్టుబట్టేవాళ్లుంటారు. సరే, పెట్టండి. బజార్లో దొరికే బీటీఎస్ 7960 బోర్డుల మీద 43 ఆంపియర్లని రాసి ఉంటుంది. అది లోపలి చిప్పు భరించగలిగే పై హద్దు, దాని వెనకాల అతికించిన అగ్గిపెట్టెంత అల్యూమినియం ముక్కతో అందులో సగం కూడా ఎక్కువసేపు లాగలేమని అనుభవమున్నవాళ్ల మాట. అక్షరాలు అబద్ధమాడతాయా? 43 నమ్మండి. ఫ్యాను పెట్టకండి, చప్పుడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ కార్తెలోనే, ఏసీ లేని పడకగదిలో, మధ్యాహ్నం రెండింటికి మొదటి పరీక్ష పెట్టుకోండి.

తీగల సంగతి తేలికే. కాలింగ్ బెల్లుకి లాగగా మిగిలిన సన్నతీగ ఇంట్లో చుట్టగా పడి ఉంటుంది. దాన్నే వాడండి. ఫ్యూజు వెయ్యకండి. వేస్తే మాటిమాటికీ పోతుంది, మళ్లీ గవర్నరుపేట దాకా ఎవరు వెళ్తారు? ఫ్యూజు లేకపోతే తీగే ఆ బాధ్యత తీసుకుంటుంది. కరెంటు సరఫరాకి పాత కంప్యూటరులోంచి పీకిన ఎస్ఎంపీఎస్ పనికొస్తుంది. మోటారు జోరుగా తిరుగుతూ ఉన్నట్టుండి ఎదురు తిరిగినప్పుడు, కాసేపు అదే జనరేటరై కరెంటుని వెనక్కి తోస్తుంది. ఇవ్వడమే తప్ప తీసుకోవడం తెలియని ఎస్ఎంపీఎస్ దెబ్బకి ఆగిపోతుంది. సీటు ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలో బిగుసుకుంటుంది, ఎందుకంటే వార్మ్ గేరుని అటు వైపు నుంచి తిప్పడం మనిషి వల్ల కాదు. అప్పుడు కంగారు పడకండి. ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నవాళ్లకి ఇది ఇబ్బందేమీ కాదు.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికొద్దాం. సీటు ఎక్కడుందో బోర్డుకి తెలియాలి. దానికి రేడియోలో వాల్యూం కంట్రోలుకి వాడే వేరియబుల్ రెసిస్టెన్సునే మోటారు ఇరుసుకి తగిలిస్తారు. అది ఇచ్చే వోల్టేజిని బోర్డు 0 నుంచి 1023 దాకా అంకెగా చదువుకుంటుంది. 512 అంటే సీటు తిన్నగా ఉందని. ఆట 600కి పొమ్మంటే, బోర్డు ఇప్పుడున్న అంకె చూసుకుని, ఆ తేడా పోయేదాకా మోటారు తిప్పుతుంది. ఎంత తిప్పాలన్నది మూడు గుణకాల మీద నడుస్తుంది: పీ, ఐ, డీ. 1922లో నికొలాస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు ఓడల చుక్కాని మనుషులు ఓడని ఎలా తిప్పుతారో గమనించి కట్టిన లెక్క ఇది. పీ అంటే గమ్యం ఎంత దూరముంటే అంత గట్టిగా నెట్టడం. డీ అంటే దగ్గరికొచ్చేకొద్దీ వేగం చూసుకుని పగ్గం బిగించడం. ఐ అంటే తీరకుండా మిగిలిపోయిన చిన్న చిన్న తేడాలన్నిటినీ ఖాతాలో రాసుకుంటూ పోయి, పాత బాకీలవాడు పండక్కి వచ్చినట్టు ఒకేసారి వసూలు చెయ్యడం. పీ ని చివరిదాకా పెంచండి, డీ ని సున్నా చెయ్యండి, ఐ ని మీ పుట్టిన తేదీకి పెట్టండి. సీటు గమ్యం దాటిపోయి, వెనక్కొచ్చి, మళ్లీ దాటిపోయి, ఆట మొదలుపెట్టకుండానే గజగజ వణుకుతుంది. కరకట్ట రోడ్డు అనుభవం ఉచితంగా దొరికినట్టే.

ఆ వేరియబుల్ రెసిస్టెన్సుని ఫెవిక్విక్‌తో అతికించండి. స్క్రూలు వద్దు. దాని మూడు తీగల్లో ప్లస్సు తీగ వణుకుడికి ఊడిందనుకోండి, బోర్డుకి సున్నా కనిపిస్తుంది. సీటు పూర్తిగా ముందుకి పడిపోయిందని అది మనస్ఫూర్తిగా నమ్మి, మిమ్మల్ని కాపాడాలన్న తాపత్రయంతో పూర్తి బలంతో వెనక్కి తోస్తుంది. ఎంత తోసినా అంకె మారదు కాబట్టి ఇంకా తోస్తుంది. ప్లస్సూ మైనస్సూ తారుమారుగా కలిపినా ఇదే నాటకం: తప్పు దిద్దబోయినకొద్దీ తప్పు పెరుగుతుంది. ఈ పరిస్థితి కోసమే అంకె ఫలానా హద్దు దాటితే మోటారు ఆపెయ్యమని ప్రోగ్రాములో ఒక వరస రాస్తారు, చట్రం మీద లిమిట్ స్విచ్చులు పెడతారు, ఆర్మ్‌కి అడ్డంగా ఇనప దిమ్మ వెల్డు చేస్తారు, చేతికందేచోట పుట్టగొడుగు ఆకారంలో ఎర్ర స్విచ్చు బిగిస్తారు. నొక్కితే మోటార్లకి కరెంటు అక్కడికక్కడే తెగుతుంది. ఒక్కటి కూడా వద్దు. ఎర్ర స్విచ్చు కొన్నారంటే మీ మీద మీకే నమ్మకం లేదని ఇంట్లోవాళ్లకి తెలిసిపోతుంది. పరువు కోసం పెట్టక తప్పకపోతే, సీటు వెనకాల గోడకి పెట్టించండి. అక్కడైతే మీకు తప్ప అందరికీ అందుతుంది.

మోసం చెయ్యకండి

ఇక్కడ నాకు పెద్ద కంపెనీలతో పేచీ ఉంది. హైదరాబాదులో ఎయిరిండియావాళ్ల సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంటులో పైలట్లు సిమ్యులేటర్లలో కూర్చుని నేర్చుకున్నారు. అదే ఊళ్లో 1993లో పుట్టిన జెన్ టెక్నాలజీస్ డ్రైవింగు సిమ్యులేటర్లూ సైనిక శిక్షణ యంత్రాలూ చేస్తోంది. ఈ విద్య తెలిసినవాళ్లంతా ఒక్క రహస్యం మీద బతుకుతారు. ఆ రహస్యం కుదుపు కాదు, మోసం.

విమానం రన్‌వే మీద పరుగెత్తి లేచేదాకా, అర నిమిషం పైగా, పైలటు వీపు సీటుకి అదుముకునే ఉంటుంది. సిమ్యులేటరు కాళ్లు మహా అయితే ఒకటిన్నర మీటరు సాగుతాయి. అంత చోట్లో అర నిమిషం పరుగు ఎక్కడినుంచి తెస్తారు? తేరు. ముందు చిన్నగా ఒక తోపు తోస్తారు, అది నిజం. ఆ తర్వాత పైలటుకి తెలియకుండా గదిని మెల్లగా వెనక్కి వాలుస్తారు. తెరని కూడా గదితోబాటే వాలుస్తారు కాబట్టి కంటికి రన్‌వే తిన్నగానే ఉంటుంది. వాలిన మనిషి వీపుని భూమ్యాకర్షణ సీటుకి అదుముతుంది. పది డిగ్రీలు వాలిస్తే భూమ్యాకర్షణలో ఆరో వంతు కంటే కాస్త ఎక్కువే వీపు మీదికొస్తుంది. లోపలి చెవిలో తిరుగుడుని పసిగట్టే మూడు అర్ధవృత్తాకార గొట్టాలున్నాయి, సెకనుకి రెండు మూడు డిగ్రీల లోపు వేగంతో తిప్పితే వాటికి తెలియదు. ఒరుగుడునీ తోపునీ పసిగట్టే మరో అవయవం ఉంది, దానికి వెనక్కి వాలడానికీ ముందుకి దూసుకెళ్లడానికీ తేడా తెలియదు. ఈ రెండు లోపాల సందులోంచి విమానం ఎగిరిపోతుంది. ఆపైన తర్వాతి తోపుకి చోటు మిగలాలి కాబట్టి గదిని మళ్లీ అంతే మెల్లగా మధ్యకి తెచ్చేస్తారు. పైలటుకి అదీ తెలియదు.

ఇది నీతిమాలిన పని. కోట్ల రూపాయల యంత్రం తెచ్చి దాన్ని మెల్లగా కదపడమా? మోటారు ఉన్నది తిప్పడానికి. ఆటలో లారీ బ్రేకు వేసిన క్షణాన సీటుని ఉన్నపళంగా ముందుకి విసరండి, ఆ విసిరినచోటే ఉంచండి. మధ్యకి మెల్లగా తేవద్దు. ఆ తర్వాత ఇంకో బ్రేకు పడితే సీటుకి వెళ్లడానికి చోటుండదు, నిజమే. కానీ బెంజ్ సర్కిల్ సిగ్నలు దగ్గర నిజం బళ్లకి మాత్రం ముందుకెళ్లడానికి చోటెక్కడుంది?

పరీక్షకి మనుషులు

మొదటిసారి మీరు కూర్చోకండి. మీరు యంత్రం తయారుచేసినవారు, మీ అభిప్రాయం పక్షపాతంగా ఉంటుంది. ఆదివారం మావయ్యగారు భోజనానికొస్తారు కదా, ఆయన్ని కూర్చోబెట్టండి. ఉలవచారూ, గోంగూర మాంసమూ అయ్యాక, పెరుగన్నం ముందు. ఆయన కండువా సీటు వెనక్కి, ఆర్మ్ తిరిగేచోటికి, వేలాడుతూ ఉండేటట్టు చూడండి. మోటార్లకి మూతలు వేస్తే చూడ్డానికి ఏం మిగులుతుంది?

ఆయన కళ్లు తిరగాలంటే పెద్ద కుదుపులు అవసరం లేదు. మనిషికి ఎక్కువగా వికారం పుట్టించేది అయిదు సెకన్లకోసారి పడే నెమ్మదైన ఊపు. పడవల్లో కడుపు తిప్పేదీ ఆ లయే. నల్లరేగడి నేల తడిసి ఉబ్బి, ఎండి కుంగి, అలలు తేలిన డెల్టా రోడ్ల మీద మెత్తటి స్ప్రింగుల బస్సులో వెనక సీటుకి దొరికేదీ దాదాపు అదే. రెండో మార్గం ఆలస్యం. కన్ను మలుపు చూసిన తర్వాత సెకనులో పదో వంతు లోపల ఒళ్లు ఒరగాలని పెద్ద సిమ్యులేటర్లవాళ్లు పట్టుబడతారు. మన సీటు వణుకుతోంది కదా, ఆ వణుకు కనిపించకుండా ప్రోగ్రాములో స్మూతింగు పూర్తిగా పెంచెయ్యండి. వణుకు పోతుంది, ఊపు మాత్రం అర సెకను ఆలస్యంగా వస్తుంది. తెర మీద లారీ ఎడమకి తిరిగి తిన్నగా అయ్యాక మావయ్యగారు ఎడమకి ఒరుగుతారు. కన్నొకటి చెప్తుంది, చెవొకటి చెప్తుంది, ఇద్దరి మధ్య తీర్పు చెప్పాల్సింది కడుపు.

"అల్లుడుగారూ, కాస్త ఆపిస్తారా" అని ఆయన మర్యాదగానే అంటారు. ఎర్ర స్విచ్చు గోడకి ఉంది. మీరు ఇటువైపు ఫోనులో వీడియో తీస్తున్నారు. ఆవిడ వంటింట్లోంచి వచ్చి ప్లగ్గు పీకేదాకా ఆగండి. ఆ ప్లగ్గు మాత్రం మంచి సాధనం, ఈ వ్యాసం మొత్తంలో దాని మీద నాకు అభ్యంతరం లేదు.

కింద ఫ్లాటువాళ్లు పైకొస్తారు. చట్రాన్ని నేలకి బిగించలేదు కాబట్టి, ప్రతి బ్రేకుకీ అది టైల్సు మీద రెండంగుళాలు జరుగుతూ ఈపాటికి బాల్కనీ తలుపు దగ్గరికి చేరి ఉంటుంది. కాళ్ల కింద రబ్బరు వెయ్యలేదు కాబట్టి మోటార్ల మోత స్లాబులోంచి తిన్నగా వాళ్ల పూజగదిలోకి దిగుతుంది. ఫ్లైఓవరు మీద లారీ వెళ్లిందని చెప్పండి. ఇన్ని సలహాల్లో బెంజ్ సర్కిల్ చిరునామా వల్ల కలిగే అసలు లాభం ఇదే. పటమటలో, మొగల్రాజపురంలో ఉండేవాళ్లకి ఈ సాకు దొరకదు.

ఒక చివరి సంగతి, ఇది మొదట్లోనే చెప్పాల్సింది. చట్రానికి వెల్డింగు ఆటోనగర్‌లో చేయించకండి, మేస్త్రీనే ఇంటికి పిలిపించండి. "గుమ్మం ఎంతుంది సార్?" అని టేపు తీస్తాడు. కొలవనివ్వకండి, టైము వేస్టు. నాలుగడుగుల వెడల్పున యాంగిల్ ముక్కలు కోయించి, పడకగదిలోనే అతికించమనండి. ఆయన మిషను పెట్టినప్పుడల్లా ఫ్లోరంతా లైట్లు మిణుకుమంటాయి, కర్టెనుకి రెండు మూడు చిల్లులు పడతాయి, అంతకు మించి నష్టం లేదు. గుమ్మం మూడడుగులు. ఇల్లు ఖాళీ చేసే రోజున ఓనరుగారు ఆ చట్రం చుట్టూ ఒకసారి తిరిగి, గుమ్మం వంక చూసి, మీ వంక చూస్తారు. అడ్వాన్సు గురించి ఆయన నోరు తెరిచేలోపలే, టులెట్ బోర్డు మీద "సెమీ ఫర్నిష్డ్" అని రాయించమనండి. అద్దె ఇంకో వెయ్యి పెంచుకోవచ్చు.